తెలుఁగు కావ్యములందు జీవనవృత్తి: భృతియు ఫలమును

మన ప్రాచీనకావ్యములను విమర్శించువారిలోఁ గొందఱు తఱచుగా నొక యాక్షేపము చేయుచుందురు. తెలుఁగుకవులు కుమ్మరి సారెను వర్ణించిరి. సాలెవాని మగ్గమును వర్ణించిరి. కాఁపువాని కాఁడిమేడులను వర్ణించిరి. కాని యా కుమ్మరియు, నా సాలెయు, నా కాఁపును దాము చేయు పనినిగూర్చి యేమనుకొనుచుండిరో యే కవియుఁ జెప్పలేదు. ఇది వారి యాక్షేపము. దీనికి సమాధానముగా మఱికొందఱు హంసవింశతి మొదలగు గ్రంథములను జూపి, అందున్న పనిముట్ల పేళ్లను లెక్కించి, ఇన్ని వృత్తులను వర్ణించిన వాఙ్మయమునకు వృత్తిజీవుల యెఱుక లేదనుట యెట్లని యడుగుదురు. ప్రశ్న యొకటి, సమాధానము వేఱొకటి. పనిముట్ల నెఱుఁగుట పనివాని నెఱుఁగుట కాదు.

ఈ వాదమున రెండు పక్షములవారును విడిచిన విషయ మొకటి కలదు. మనుష్యుఁడు తన పనినిగూర్చి యేమనుకొనునో తెలిసికొనుటకై, నాకీ పని యిష్టము, నాకీ పని కష్టము అను వాక్యములను గావ్యములందు వెదకరాదు. అట్టి వాక్యములు లోకమునందును దఱచుగా వినఁబడవు. ఆ భావము మాటల కూర్పునందును, క్రియారూపములందును, ఎవనిని గర్తగాఁ జెప్పిరి, ఫలమెవనికిఁ జేరెను అను విషయములందును దాఁగియుండును. దానిని వెలికిఁ దీయుటకు వ్యాకరణము సాధనము. ఆ సాధనముతోఁ గొన్ని తెలుఁగు కావ్యములను బరిశీలించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మొదట వృత్తిశబ్దమును విచారింతము. వర్తనార్థకమైన వృతుధాతువుపై క్తిన్ ప్రత్యయము చేరఁగా నీ శబ్ద మేర్పడినది. ఉండుట, తిరుగుట, నడచుట దాని మూలార్థములు. అమరసింహుఁడు వైశ్యవర్గారంభమున జీవనోపాయమునకు ఆజీవము, జీవిక, వార్త, వృత్తి, వర్తనము, జీవనము అని యాఱు పర్యాయములను జెప్పెను. వీనిని విడఁదీసి చూచిన నొక విశేషము గోచరించును. ఆజీవము, జీవిక, జీవనము అను మూఁడును జీవధాతుజన్యములు. వృత్తి, వర్తనము అనునవి వృతుధాతుజన్యములు. వార్త వృత్తిశబ్దమూలమునఁ గలిగినది. అనఁగా మూఁడు పేళ్లు బ్రతుకుటను, మూఁడు పేళ్లు ఉండుటను దెలుపుచున్నవి. చేయుట యను నర్థముగల కృఞ్ ధాతువునుండి పుట్టిన పే రా యాఱింట నొక్కటియు లేదు. తెలుఁగును నిట్లే పలుకుచున్నది. మన బ్రతుకుతెరువను మాటలోఁ బని కనఁబడదు, బ్రతుకే కనఁబడును. జీతమను మాట జీవితశబ్దభవము. నెలతిరిగిన తోడనే చేతఁబడు పైకమునకు మనవారు జీవితమనియే పేరు పెట్టుకొనిరి. కావున నీ పని చేసిన నేమి వచ్చునని యడుగుటకంటె, ఈ పని లేకున్న నెట్లుందునని యడుగుటయే మన భాషలందు మొదటి ప్రశ్న. కోటివిద్యలు కూటికొఱకే యను సామెత యీ తలంపునుండియే పుట్టినది.

అమరుఁ డంతతో నిలువలేదు. చాలవఱకు మనుస్మృతి చతుర్థాధ్యాయముననుసరించి, పొలమున రాలిన గింజల నేఱికొని బ్రదుకుటకు ఋతమనియు, అడుగకయే వచ్చినదానికి అమృతమనియు, అడిగి తెచ్చుకొనినదానికి మృతమనియు, సేద్యమునకు అనృతమనియు, వర్తకమునకు సత్యానృతమనియు, కొలువునకుఁ గుక్కబ్రతుకనియుఁ బేళ్లు చెప్పెను. ఇచ్చటఁ బేళ్లలోనే భావము నిండియున్నది. కాని యా భావ మెవరిది? సేద్యమున కసత్యమని పేరు పెట్టినవాఁడు మేడి పట్టినవాఁడు కాఁడు. రాలిన గింజల నేఱికొనువాఁడు. ఏఱికొనువానికి గింజ రాల్చిన వాఁడెవఁడు? దున్నినవాఁడే. దున్నినవానివలన బ్రదుకువాఁడు దున్నుట కనృతమని పేరు పెట్టెను. ఇందు శాస్త్రకారులను నిందించుట నా యుద్దేశము కాదు. వృత్తులనుగూర్చి మనకు సంక్రమించిన పేళ్లలోఁ బనివాని మనస్సు కాక పేరు పెట్టినవాని మనస్సున్నదని చూపుటయే నా యుద్దేశము. కావ్యవిమర్శకుఁడు మొదట నీ భేదమును బాటింపవలయును.

ఇఁక సూత్రమునకు వత్తము. పాణిని ప్రథమాధ్యాయ తృతీయపాదమున (1-3-72) స్వరితేత్తులు, ఞిత్తులు నగు ధాతువులకు, క్రియాఫలము కర్తకుఁ జేరునప్పు డాత్మనేపదమును విధించెను. ఫలము పరునకుఁ జేరునపుడు పరస్మైపదము. యజమానుఁడు తన స్వర్గమునకై యజించిన యజతే. ఋత్విజుఁడు యజమానునికై యజించిన యజతి. తనకై వండుకొనువాఁడు పచతే. ఒరునికై వండువాఁడు పచతి. ఇచ్చట శిష్యులకు సహజముగా నొక సంశయము కలుగును. ఋత్విజునకు దక్షిణ వచ్చును గదా. వంటవానికిఁ గూలి వచ్చును గదా. అదియు వారి క్రియకుఁ గలిగిన ఫలమే గదా. మఱి యాత్మనేపద మేల రాదు? కాశికాకారు లీ సంశయమును దలఁచియే సమాధానము చెప్పిరి. దక్షిణయు, భృతియుఁ గర్తకుఁ జేరుచున్నను, యజనముగాని పాకముగాని యందుకొఱకుఁ బుట్టిన క్రియ కాదు. పాకమునకుఁ బ్రధానఫల మన్నము; యజనమునకు స్వర్గము. అది భృతి నిచ్చినవానికిఁ జేరినది. కావున భృతి వేఱు, ఫలము వేఱు.

జీవనవృత్తినిగూర్చి యింతకంటె సూక్ష్మమైన వివేచనము మఱియొక శాస్త్రమున నున్నదని నేనెఱుఁగను. పనివానికి రెండు విధములగు లాభములు గలవు. ఒకటి పనికి వెలుపలనుండి వచ్చునది, భృతి. రెండవది పనిలోనుండి పుట్టునది, ఫలము. భృతి దొరకియు ఫలము దొరకకపోవచ్చును. ఫలము దొరకియు భృతి దొరకకపోవచ్చును. రెండును దొరకిన భాగ్యవంతులు గొందఱు. రెండును దొరకనివారు పెక్కండ్రు. పనివాని సంతోషమునకును, దుఃఖమునకును గల భేదములన్నియు నీ రెండింటి కలయికనుబట్టి యేర్పడుచున్నవి.

తెలుఁగున నీ యాత్మార్థమును గొనుధాతువు తెలుపుచున్నది. వండెను, వండుకొనెను, కట్టెను, కట్టుకొనెను. ఇంతవఱకు సంస్కృతముతో సమానమే. కాని లోకవ్యవహారమును గమనింపుఁడు. కూలి చేసికొని బ్రదుకుచున్నాఁడందుము. కొలువు చేసికొని బ్రదుకుచున్నాఁడందుము. పొరుగింట వండిపెట్టు వంటలక్కను సైతము, నాలుగిండ్ల వంట చేసికొని పిల్లలను బెంచుకొనుచున్న దందుము. అన్నము పరులకుఁ జేరినను మన మచ్చట కొనుధాతువును విడువము. సంస్కృతవైయాకరణుఁడు భృతిని ఫలముగా నంగీకరింపఁడు. తెలుఁగువాఁడు భృతిని ఫలముగా నంగీకరించెను. ఇది భాషాలోపమా, దయయా? దయయే యని నా తలంపు. ఫలము దొరకనివానికి భృతినైనను దనదిగాఁ జెప్పుకొను హక్కును దెలుఁగు ప్రసాదించినది.

ఈ రెండు కొలమానములతో నిప్పుడు కావ్యములను జూతము.

హంసవింశతికర్త యగు అయ్యలరాజు నారాయణామాత్యుఁడు వృత్తుల పరికరములను జెప్పుటలో నసమానుఁడు. 18వ శతాబ్దమునాఁటి తెలుఁగునాట నే కులమువాఁ డే పనిముట్టుతోఁ బని చేసెనో తెలియఁగోరువారు నేఁటికి నా గ్రంథమునే యాశ్రయింతురు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లోఁ బ్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున నిట్టి ప్రబంధములనుండి సంగ్రహించిన సామగ్రి విస్తారముగాఁ గలదు. చరిత్రకారున కది నిధి. రసజ్ఞునకో? ఆ కథలలో వృత్తి తఱచుగా భర్త నింటికి దూరముగా నుంచుటకై యేర్పడిన నెపము. వాఁడు పనికిఁ బోవును. కథ వాఁడు లేని యింట నడచును. పరికరముల పట్టిక పూర్తియైన తోడనే వృత్తితోఁ గవికిఁ బని తీఱినది. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలసినచో నచ్చటఁ గరణకారకములు సమృద్ధముగా నున్నవి, కర్తృకారకము శూన్యము. కొలిమి, తిత్తి, దాఁగలి, సమ్మెట, పట్టుకారు అని యన్నియుఁ జెప్పి కమ్మరిని మఱచినట్లు. కావున నీ గ్రంథములను జూపి మొదటి యాక్షేపమునకు సమాధానము చెప్పఁబూనుట వ్యర్థము. యాక్షేపకుని పక్షమునకు బలము చేకూర్చుటయే యగును.

అయినను దెలుఁగు వాఙ్మయమంతయు హంసవింశతి కాదు. కవులు తమ జీవనమునుగూర్చి చెప్పుకొనిన మాటలు కొన్ని కలవు. అందు ధూర్జటి ప్రథమగణ్యుఁడు. కాళహస్తీశ్వర శతకమున రాజసేవపై నతఁడు చూపిన రోఁత తెలుఁగున సాటిలేనిది. ఆ రోఁతకుఁ గారణమేమి? భృతి చాలదని యతఁ డెచ్చటను జెప్పలేదు. రాజుల మదమును, వారి వాకిట నిలుచుటలోని నరకమును జెప్పెను. ఈశ్వరసేవ దానికిఁ బ్రతిగాఁ జెప్పెను. గమనింపవలసిన దేమనఁగా, ధూర్జటి సేవను మానఁగోరలేదు, సేవ్యుని మార్పఁగోరెను. క్రియ యొకటే, సంప్రదాన మొక్కటి మాఱినది. తన జీవితమెల్లఁ బరస్మైపదముగా గడచిపోయెనను దుఃఖ మా శతకమునఁ బ్రతిపద్యమునను బలుకుచున్నది. భృతి యుండి ఫలము లేనివాని వేదన కింతకంటె స్పష్టమైన సాక్ష్యము వలదు.

దీనికి విపరీతమైన స్థితి శ్రీనాథునివని ప్రసిద్ధికెక్కిన చాటువులందుఁ గనఁబడును. కొండవీటిలోఁ బెదకోమటి వేమారెడ్డి యాస్థానమున విద్యాధికారియై, హరవిలాసమును అవచి తిప్పయసెట్టి కంకిత మిచ్చి, సింహళపు టేనుఁగులను, హురుమంజి గుఱ్ఱములను దెప్పించు నా వర్తకుని వైభవమును గీర్తించిన కవి, కడపటి దినములలోఁ గృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకుఁ దీసికొని, పంట నష్టమై, యేడునూర్ల టంకములు చెల్లింపలేక చిక్కులఁ బడెనని యా చాటువులు చెప్పుచున్నవి. వాని కర్తృత్వమునుగూర్చి విద్వాంసులలో వాదములు గలవు. ఎవరు చెప్పినను బద్యము పద్యమే. అందుఁ బంటను ఫలశబ్దముతోనే చెప్పుట విశేషము. ఆ ఫలమును నది కొనిపోయెను. గింజలను బక్షులు తినిపోయెను. కర్తకుఁ జేరవలసిన క్రియాఫలము నదికిని, బక్షులకును జేరినది. కర్తకు మిగిలినది యప్పు. అయినను జాటువున రోఁత లేదు. ధూర్జటికిఁ గల కసి యందు లేదు. నది తల్లిని బిలిచినట్లే పిలువఁబడినది. రాజు వాకిటఁ బొందిన దుఃఖమునకును, వరద గట్టున నిలిచినవాని దుఃఖమునకును గల యీ భేదమును జదువరులు మనస్సునం దుంచుకొందురు గాక. సేద్యమునఁ జెడినవాఁడు చెడెనే కాని, తాను జేసిన పని తనది కాదని యనుకొనలేదు.

సేద్యమునుగూర్చి చెప్పునపుడు పోతనామాత్యుని విడువరాదు. బమ్మెర పోతన నాఁగలి పట్టి బ్రదికెననియు, సేద్యమును గీర్తించెననియుఁ బాఠశాలలలోఁ జెప్పుట పరిపాటి. ఇచ్చట రెండంశములను వేఱుపఱుపవలయును. భాగవతావతారికయందుఁ గవి చెప్పినది రాజులకుఁ గావ్య మీయననుట. హాలికత్వప్రసక్తి చాటుపద్యముపై నాధారపడినది. ఆ చాటువునైనను వ్యాకరణదృష్టితోఁ జదివినవా రందు సేద్యస్తుతిని గానలేరు. కావ్యకన్యను దుష్టుల కమ్ముకొని తినుటకంటె, ఆలుబిడ్డల పోషణకై హాలికులైనను, అడవులలోఁ గందమూలములు త్రవ్వుకొనువారైనను గొఱఁత లేదనుట దాని తాత్పర్యము. ఇది యప్యర్థకము. అయినను, ఐననేమి యను ప్రయోగములు తక్కువదానిని సహించుటను దెలుపునే కాని యెక్కువదానిని గొనియాడుటను దెలుపవు. నాఁగలియుఁ గందమూలములు త్రవ్వు గునపమును నొకేవరుసలో నిలుపఁబడినవి. కవికి సేద్యము ఫలము కాదు, శుద్ధమైన భృతి. ఫలము భాగవతము. ఆ ఫలమును భృతికై యమ్ముకొనకుండుటకే యతఁడు భృతిని వేఱొకచోట వెదకుకొనెను. పోతన గొప్పతనము సేద్యమును బ్రేమించుటలో లేదు; భృతిని ఫలమునుండి వేఱుచేసి రెండింటిని గాపాడుటలో నున్నది. ఇది తెలియక యా పద్యమును గర్షకస్తుతిగా బోధించువారు కవికిని, గర్షకునికిని గూడ నపకారము చేయుచున్నారు.

ఈ సందర్భమున నొక సంధిచమత్కారమును జెప్పక విడువఁజాలను. "భూమి నమ్ముకొనెను" అను వాక్యమును, భూమిన్ అమ్ముకొనెనని విడఁదీసిన విక్రయము. భూమి నమ్ముకొనెనని విడఁదీసిన విశ్వాసము. వ్రాఁతలో రెంటికి భేదము లేదు. పొలమును నమ్ముకొన్నవాఁడే కడకుఁ బొలము నమ్ముకొనవలసి వచ్చుట మన పల్లెలలో నందఱెఱిఁగిన కథ. రెండర్థములందును గొనుధాతువే యుండుట యింకను శోచనీయము.

ఇంతవఱకుఁ జెప్పినవి దుఃఖములు, సహనములు. తన పనియందు సంతోషించు కర్త తెలుఁగు కావ్యములందు లేఁడా? కలఁడు. పాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమున నట్టివారిని బెక్కండ్రను నిలిపెను. మడివాలు మాచయ్య శివభక్తుల వస్త్రములనే యుదుకును, తక్కినవారివి ముట్టఁడు. వానికి రాజైనను లెక్క లేదు. ఉదుకుట పరునికైన పని. అందు మురికి వదలిన వస్త్రము పరునికే చేరును. అయినను మాచయ్య దేని నుదుకవలయునో, దేని నుదుకరాదో తాను నిర్ణయించుకొనెను. స్వతంత్రుఁడే కర్త యని పాణినీయము. ఈ స్వాతంత్ర్యముచేతనే చాకలి కర్త యయ్యెను. కుమ్మరి గుండయ్య కథ యింకను మనోహరము. కుండ కాలిన తరువాతఁ గుమ్మరి దానిని వ్రేలితోఁ దట్టి, పలుకును విని, పగులున్నదో లేదో తెలిసికొనును. అది వాని పనిలోని కడపటి యంగము. గుండయ్య యా కుండలనే వాద్యములుగాఁ జేసి భక్తితో మ్రోయించి యాడెను. ఆ మ్రోఁతకు శివుఁడు దిగివచ్చి తానును నాడెను. గుడికిఁ బోవుటకై గుండయ్య యావమును విడువలేదు. ప్రతిదినము చేతఁబట్టు కుండయే చాలినది. కుమ్మరికి నొక యేఁడు, గుదియకు నొక పెట్టు అను లోకోక్తి కుమ్మరి శ్రమయొక్క భంగురత్వమును జెప్పుచున్నది. గుండయ్య కథ యా శ్రమయొక్క ధ్వనిని జెప్పుచున్నది. ఇందు భృతి ప్రసక్తి యించుకయు లేదు. క్రియయే ఫలముగాఁ బరిణమించినది.

ద్విపదకవి భక్తులనుగూర్చి యిట్లు చెప్పుట సహజమే, ప్రభువు లట్లు చెప్పుదురా యని యెవరైన నడుగవచ్చును. ఆముక్తమాల్యద చూడుఁడు. విష్ణుచిత్తుఁడు శ్రీవిల్లిపుత్తూరిలోఁ దోఁట పెంచి మాలలు గట్టి స్వామికి సమర్పించువాఁడు. స్వామి యతనిని మధురకుఁ బోయి వాదము చేసి గెలువుమని యాజ్ఞాపింపఁగా నతఁడు తెల్లఁబోయెను. ఇల్లూడ్చుట, నీరు తెచ్చుట, పల్లకి మోయుట, మాలలు గట్టుట, జెండా పట్టుట, వింజామర వీచుట, దీపము పెట్టుట మొదలగు పనులను వరుసగాఁ జెప్పి, ఇవి నాకుఁ జాలును, వాదములకు నితరులు లేరా యని ప్రార్థించెను. కృష్ణదేవరాయ లా పద్యమునఁ బ్రయోగించిన పనుల పేళ్లు భావార్థకములగు కృదంతములు. ల్యుట్టు, క్తిన్ను, ఘఞ్ అను ప్రత్యయములు వానియందుఁ గనఁబడును. భావార్థకమున ధాత్వర్థము మాత్రమే ప్రధానము, కర్త చెప్పఁబడఁడు. ఎవరు చేసిరనుట యచ్చట లేదు. పని జరిగిన చాలును. చక్రవర్తి యగు కవి, పండితసభలో జయమునకంటెఁ జీపురు మిన్న యని తలంచువానిని నాయకునిగాఁ జేసి, వాని పనులకుఁ గర్తృపదమును సైతము విడిచెను. తన పనియందు నిజమైన సంతోషమున్నవాఁడు నేను చేయుచున్నాననుటను మఱచును. ఈ సత్యము నెఱింగియే రాయలు పద్యమును గూర్చెనో, సహజప్రతిభచే నట్లు పడెనో మనము నిర్ణయింపనక్కఱ లేదు. పద్యమున నది యున్నది.

ఇచ్చట నొక ప్రత్యాక్షేపము రావచ్చును. మాచయ్యయు, గుండయ్యయు, విష్ణుచిత్తుఁడును భక్తులు. వారి సంతోషము భక్తివలనఁ గలిగినదే కాని వృత్తివలనఁ గలిగినది కాదు. కూటికై పని చేయు సామాన్యుని సంతోషమునకుఁ గాని దుఃఖమునకుఁ గాని యిది ప్రమాణము కాఁజాలదు. ఇది న్యాయమైన మాట. ప్రాచీనకావ్యములందు భక్తుఁడు కాని పనివాఁడు తన పనినిగూర్చి తాను బలుకుట చాల నరుదు. ఈ కొఱఁతను దీర్చుటకు 20వ శతాబ్దము రావలసివచ్చెను.

ఆ శతాబ్దమున నిరువురు కవులను జెప్పి ముగింతును. ఇరువురును 1895లోనే జన్మించిరి. నెల్లూరుసీమకుఁ జెందిన దువ్వూరి రామిరెడ్డి స్వయముగా సేద్య మెఱిఁగినవాఁడు. అతని కృషీవలుఁడు కర్షకజీవనమును గావ్యవస్తువుగాఁ జేసిన ఖండకావ్యము. అందుఁ గవి హాలికుని అన్నా యని పిలిచెను. పోతనకు సంబంధించిన చాటువులో నప్యర్థకమునఁ బడియున్న హాలికుఁ డిచ్చట సంబోధనప్రథమకు నెక్కెను. ఇది యల్పమైన యున్నతి కాదు. అయినను సంబోధన మధ్యమపురుష. హాలికుఁడు వినుచున్నాఁడే కాని మాటలాడుట లేదు.

గుఱ్ఱము జాషువ 1941లోఁ బ్రకటించిన గబ్బిలమున నా కొఱఁత తీఱినది. అంటరానివాఁడని దూరముగా నుంచఁబడిన మనుష్యుఁడు తన గుడిసెలోఁ దిరుగు గబ్బిలముతోఁ దన గోడు చెప్పుకొని, కాశీలోని యీశ్వరునికి సందేశము పంపును. మేఘసందేశమున యక్షుఁడు తన కొలువున నేమఱుపాటుచే శాపము పొందినవాఁడు. ఇచ్చట నాయకుఁడు కొలువు నేమఱక చేసియు శాపమనుభవించువాఁడు. ఆ నాయకుని బరిచయము చేయుచుఁ గవి యొక మాట చెప్పెను. చెప్పులు గుట్టి జీవించు నితని సేవకు భరతభూమి ఋణపడియున్నదనుట యా మాట సారము. కాశికాకారులు విడిచినచోట జాషువ యందుకొనెను. ఎట్లనఁగా, క్రియాఫలము పరునికిఁ జేరినది. కర్తకు భృతి చేరినది. ఇంతటితో లెక్క సరిపోయినదని శాస్త్రము. సరిపోలేదని కవి. కాళ్లకుఁ జెప్పులు తొడిగికొని నడచిన దేశము కూలి యిచ్చినంతమాత్రమున ఋణవిముక్తము కాలేదు. ఏలయనఁగాఁ గూలి భృతికిఁ జెల్లు. ఫలమునకుఁ జెల్లునది గౌరవము. దానిని దేశము చెల్లింపలేదు. పరస్మైపదమునఁ బరుఁడను శబ్దమునకు ఋణగ్రస్తుఁడను నర్థము గూడఁ గలదని చెప్పిన తెలుఁగుకవి జాషువ. మొదటి యాక్షేపమునకు నేను జూపఁగల ప్రధానసమాధాన మిదియే.

వ్యాకరణసూత్రముతోఁ గావ్యరసమును గొలుచుట, తక్కెడతో వెన్నెలను దూఁచుట వంటిదని కొందఱు నవ్వవచ్చును. రసము తూనికకు లొంగదు, నిజమే. కాని సూత్రము రసమును దూఁచుట లేదు. కవి నిలిపిన చోటును జూపుచున్నది. కరణకారకములను మాత్రమే నిలిపిన కవి యొకఁడు, కర్తను నిలిపిన కవి యొకఁడు, కర్తను మఱపించిన కవి యొకఁడు, కర్తచే నుత్తమపురుషలోఁ బలికించిన కవి యొకఁడు. ఈ భేదము కల్పితము కాదు, పదములలో నున్నది. వృత్తివర్ణనమెల్ల నొకటే యని మూటగట్టిన విమర్శ యీ భేదమును జూడఁజాలదు.

ఈ వ్యాసమును జదువువారిలోఁ బెక్కండ్రు పాఠశాలాపండితులు గాన, మన వృత్తినిగూర్చియు నొక మాట చెప్పుట ధర్మము. వృత్తికొఱకుఁ జదువు చెప్పువాఁ డుపాధ్యాయుఁడని మనువు లక్షణము చెప్పి, యాచార్యునికంటె వానిని దిగువ నుంచెను. విద్యను గేవలము జీవికకై వినియోగించువాఁడు జ్ఞానమును సరుకుగా నమ్ము వర్తకుఁడని మాళవికాగ్నిమిత్రమునఁ గాళిదాసు పలికించెను. ఈ మాటలు విని జీతమునకుఁ బాఠము చెప్పుటకు సిగ్గుపడువారును, ఆ సిగ్గును దాఁచుకొనుటకై పాఠమును దూషించువారును గలరు. పాణిని మాత్రము మనయెడ వేఱు విధముగాఁ బ్రవర్తించెను. అధిపూర్వకమైన ఇఙ్ ధాతువు ఆత్మనేపది, చదువువాఁడు అధీతే. దానికి ణిచ్చు చేరి చదివించుట యను నర్థము కలిగినప్పుడు, ఫలము కర్తకుఁ జేరినను బరస్మైపదమే యని (1-3-86) ప్రత్యేకముగా విధించెను. సామాన్యముగా ణిజంతములకుఁ గర్తృగామిఫలమున నాత్మనేపదము కలదు, అధ్యాపయతికి లేదు. చదువుట తనకై, చదివించుట పరునికై. ఫలము తనకుఁ జేరినను క్రియారూపము దాని నంగీకరింపదు.

తెలుఁగు లోకమో, బడిపంతులను జూచి, నాలుగు పాఠములు చెప్పుకొని బ్రదుకుచున్నాఁడనుచున్నది. చెప్పుకొనుటలోని యా కొనుధాతువును సూత్ర మొప్పదు, కడుపు విడువదు. రెండును సత్యములే. జీతము తక్కువైనప్పుడు తెలుఁగుమాటను జూపి యడుగుట మన హక్కు. తరగతిలో నిలిచినప్పుడు పాణినిమాటను దలఁచుట మన పని. ఈ రెండింటి నొండొంటితోఁ గలపి, భృతి చాలలేదు గాన ఫలమును దగ్గింతుననువాఁ డుపాధ్యాయుఁడు కాఁడు. ఫలము గొప్పది గాన భృతి యడుగవలదనువాఁడు న్యాయవేత్త కాఁడు. కుమ్మరికిని, జాకలికిని, జెప్పులు గుట్టువానికిని నిదియే న్యాయము. కావ్యములందు వృత్తులను బోధించునపుడు పనిముట్ల పేళ్లతో నాఁగక, భృతి యెవనికి, ఫలమెవనికి, కర్త యెచ్చట అని శిష్యులచే నడిగింతురేని యీ విచారము సఫలము. యుక్తాయుక్తములను విజ్ఞులు నిర్ణయింతురు గాక.